టెక్ సందేహాలు: తుపాకీ లెక్కల యాప్‌కి మీ ఎస్సెమ్మెస్‌లతో ఏం పని?

ప్రశ్న: సార్, పాత తుపాకుల వీడియోలు చూడటం నాకు సరదా. మిలిటరీ వాడి పక్కన పెట్టిన రైఫిల్‌ని కోసి చేసిన ‘జంగిల్ కార్బైన్’ నకలు అసలుదానంత గురిగా కొడుతుందా? వీడియో కింద లింకు నుంచి, తూటా దారిని లెక్కగట్టే బాలిస్టిక్ యాప్ వేసుకున్నాను. ఎస్సెమ్మెస్‌లు, కాంటాక్టులు చూసే అనుమతి అడిగింది. వంద గజాలకు ఒక్క అంగుళమే తేడా అంటోంది. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఇలాంటి లింకుల గురించే బరంపురం, గుణుపురం, రాయగడ నుంచి కూడా అడుగుతూనే ఉన్నారు.

అసలు జంగిల్ కార్బైన్ అంటే 1944–47 మధ్య బ్రిటన్‌లో తయారైన లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 5 అనే పొట్టి రైఫిల్. దాని గురికే మంచి పేరు లేదు. కుదిర్చిన గురి తర్వాత జరిగిపోతోందని సైన్యంలోనే ఫిర్యాదులొచ్చాయి. నకళ్లేమో అమెరికాలో పాత లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిళ్లనూ, మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన 2ఏ1 రైఫిళ్లనూ పొట్టిచేసి అమ్మినవి. ఇషాపూర్‌ది 7.62 మిల్లీమీటర్ల తూటా, అసలుదానిది .303 అంగుళాల తూటా. గొట్టం ఎంత అరిగింది, కోసిన మూతి సమంగా ఉందా, చెక్క ఎలా బిగించారు అన్నదాన్ని బట్టి ఒక్కో నకలుది ఒక్కో జాతకం. ఇలాంటి యాప్ లెక్కగట్టేది తూటా ఎంత కిందికి వాలుతుందో, గాలికి ఎంత పక్కకు పోతుందో, అంతే. వరసగా కాల్చిన తూటాలు ఎంత దగ్గరగా పడతాయో దానికి తెలిసే దారే లేదు. ఆ అంగుళం ఉత్త కల్పన. అన్నట్టు, లైసెన్సు లేకుండా గొట్టం పొట్టిచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

నా టెన్షన్ వేరే. లెక్కకు కావలసింది తూటా వేగం, బరువు, ఆకారం, గాలి, ఉష్ణోగ్రత. మరి మీ యాప్ ఎస్సెమ్మెస్‌లు, కాంటాక్టులు ఎందుకు అడిగింది? ఎస్సెమ్మెస్ చదవగలిగితే బ్యాంకు ఓటీపీ మీకంటే ముందు ఇంకెవరో చూస్తారు. ప్లే స్టోర్‌లో అయితే ఈ అనుమతికి అడ్డంకులున్నాయి, అందుకే స్టోర్‌తో పనిలేకుండా ఫోన్‌లోకి నేరుగా ఎక్కే ఏపీకే ఫైలు లింకులో పెడతారు. ‘తెలియని యాప్’ అని ఫోన్ హెచ్చరిస్తే, దాన్ని ఎలా దాటాలో వీడియోలో వాళ్లే నేర్పుతారు. మనవాళ్లు బుద్ధిగా నేర్చుకుంటారు! ఫోన్లు తయారుచేసే కంపెనీలూ తక్కువ తినలేదు. హెచ్చరికేమో చీమ తలకాయంత అక్షరాల్లో, అదీ ఇంగ్లిష్‌లో. అనుమతి ఇచ్చేసే ‘అలో’ (Allow) బటన్ మాత్రం బొటనవేలి కిందికే వస్తుంది.

ముందు నెట్ ఆపి యాప్ తీసేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాల్లో దాని పేరుంటే అక్కడ ఆపితేగానీ పోకపోవచ్చు. బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే రేపటిదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కాల్ లిస్టు అడుగుతున్న టార్చిలైట్ యాప్ గురించి రాయగడ నుంచి రాసినవారికీ ఇదే జవాబు.