కొత్త ఎలక్ట్రిక్ కారును ఆటో షోలో పెట్టమన్నారు, ఒప్పుకోవచ్చా?

కారు కొని నెల కాలేదు, రెండు రోజుల ప్రదర్శనకు అడిగారు, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు కదా. ఒప్పుకోండి. నేను కొన్న మూడో నెలలో నా కారు ఇలాగే పెట్టాను. నాకు ముందుగా ఎవరూ చెప్పని సంగతులు మీకు చెబుతాను.

మొదటిది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. కారును నడిపే పెద్ద బ్యాటరీ సగానికి పైగా నిండి ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. తలుపులు, స్క్రీన్, లోపలి లైట్లు పనిచేసేది ఈ చిన్నదాని మీదే. కారు ఆన్‌లో ఉంటే పెద్దది దీన్ని నింపుతూ ఉంటుంది. ఆఫ్ చేసి తలుపులు బార్లా తీసి పెడితే చాలా కార్లలో అలా నింపదు. రెండో రోజు పొద్దున్నే వెళ్తే నా కారు తలుపే తెరుచుకోలేదు. రిమోట్‌లో దాచి ఉండే ఇనప తాళంతో తీసి, పక్క కారాయన బ్యాటరీ నుంచి వైర్లు కలిపి లేపాం. అందుకని చిన్న బ్యాటరీకి పెట్టే చార్జర్ ఒకటి తీసుకెళ్లండి. అయితే హాలు లోపలి ప్రదర్శనల్లో అగ్నిప్రమాదం భయంతో ఆ బ్యాటరీ వైరు తీసేయమనేవాళ్లూ ఉంటారు. అలా తీస్తే స్క్రీన్ వెలగదు. నిర్వాహకులను ముందే అడగండి, పెద్ద బ్యాటరీలో చార్జింగ్ ఎంతకు మించకూడదో కూడా.

ఫోనే తాళంగా వాడుతుంటే మరీ జాగ్రత్త. అది జేబులో పెట్టుకుని మీరు కారు పక్కనే నిలబడితే, ఎవరైనా పిల్లాడు బ్రేక్ తొక్కి గేరు మార్చినా చాలు, కొన్ని కార్లలో బండి చప్పుడు లేకుండా కదులుతుంది. పిన్ కొడితేనే కదిలే ఏర్పాటు ఉంటే పెట్టేయండి, చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం వేయండి. స్క్రీన్‌లో ఉండే ఇంటి చిరునామా, కాల్స్ జాబితా తీసేయండి.

ఇక జనం. వాళ్లు కంపెనీ స్టాలు దాటి మీ దగ్గరికి వచ్చేది మీరు అమ్మేవాళ్లు కాదనే. ఆ నమ్మకాన్ని నిలబెట్టండి. కంపెనీ చెప్పిన రేంజ్, అంటే ఒకసారి నింపితే ఎంత దూరం వెళ్తుందో, ఒక అట్ట మీద రాసి, దాని కింద మీకు నిజంగా వచ్చింది రాయండి, ఏసీ వేసి ఎంత, హైవే మీద ఎంత అని విడివిడిగా. హైవేలో ఎందుకు తగ్గుతుందని తప్పకుండా అడుగుతారు. గాలి నిరోధం వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది, గంటకు 70 కిలోమీటర్ల నుంచి 100కి వెళ్తే దాదాపు రెట్టింపవుతుంది, అందుకే. 80 శాతం దాటాక ఫాస్ట్ చార్జింగ్ ఎందుకు నెమ్మదిస్తుందన్నది ఇంకో ప్రశ్న. నిండే కొద్దీ బ్యాటరీలోని సెల్స్ వోల్టేజి దాని హద్దుకు చేరుతుంది, వాటిని కాపాడుకోవడానికి కారే కరెంటు తగ్గించుకుంటుంది. చార్జింగ్ కేబుల్ డిక్కీలో దాచకుండా బయట పెట్టండి. నా దగ్గర చాలామంది పట్టుకుని చూసింది దాన్నే, బరువెంతో వాళ్లకు చేతికి తెలిసింది.

కూర్చోనివ్వాలా అంటే, నేనైతే కూర్చోనిచ్చాను. ఒక పెద్దాయన వెనక సీట్లో కాసేపు కూర్చుని, మోకాళ్లు పైకి లేస్తున్నాయన్నారు. నిజమే, బ్యాటరీ కింద ఉండడంతో నా కారులో నేల ఎత్తుగా ఉంటుంది, దూరప్రయాణంలో తొడల కింద ఆనదు. ఔనని ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఆయన అరగంట నిలబడి మిగతావన్నీ అడిగారు. వెనక తలుపు మాత్రం మూసిపెట్టకండి.