ఇల్లూ వాకిలీ: కారు షెడ్డు ఈశాన్యంలోనా, వాయవ్యంలోనా?

ప్రశ్న: నమస్తే సార్, మాది గుంటూరు పక్కన. 266 గజాల సైటు, తూర్పు ఫేసింగు, రోడ్డు వైపు 40 అడుగులు, లోపలికి 60. ముందు 30 అడుగుల రోడ్డు ఉంది. వచ్చే నెల ముగ్గు పోసి పని మొదలుపెడదాం అనుకుంటున్నాం, ఇంటి పక్కన ఉత్తరం వైపు 11 అడుగులు వదులుతున్నాం కారు కోసమే. మా మామయ్య గారేమో కారు వాయవ్యంలోనే ఉండాలి, చివరిదాకా తీసుకెళ్ళి పెట్టాలి అంటున్నారు, మేస్త్రి ఏమో గేటు పక్కనే రేకులు వేసేద్దాం ఖర్చు తక్కువ అంటున్నాడు, మా వారు ఇల్లయ్యాక చూద్దాంలే అంటున్నారు. బోరు ఆల్రెడీ ఈశాన్యం మూలలో వేశాం, ఉత్తరం ప్రహరీకి రెండడుగుల దూరంలో. సంపు కూడా అక్కడే వస్తుంది. ఏం చేయమంటారు? ఇప్పుడు చిన్న కారే ఉంది, తర్వాత పెద్దది కొనొచ్చు.

జవాబు: అమ్మా, ముందు మీ వారి మాట గురించే చెప్తాను, ఇల్లయ్యాక చూద్దాం అనేది మాత్రం వద్దు. పునాది తవ్వాక కారుకి ఇంకో అడుగు కావాలంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? సెప్టిక్ ట్యాంకు ఎక్కడ, సంపు మూత ఎక్కడ, పక్క తలుపు ఎక్కడ, బేస్‌మెంట్ ఎంత ఎత్తు, ఇవన్నీ కారు నిలబడే చోటుని బట్టి మారిపోతాయి. కొత్త కాలనీల్లో లక్షలు పెట్టి ఇల్లు కట్టుకుని కారు మాత్రం రోడ్డు మీద కవరు కప్పి పెట్టుకునే వాళ్ళు ఎంతమందో, చూస్తే బాధేస్తుంది, ఒక్క అడుగు దగ్గర పోతుంది అదంతా.

మీ సైటుకి నా సలహా, కారుని గేటు దగ్గరా వద్దు, చివరా వద్దు, మధ్యలో ఆపండి. గేటు నుంచి మొదటి 16 అడుగులు ఏ కప్పూ లేకుండా వదిలేసి, అక్కణ్ణుంచి 18 అడుగుల పొడవు షెడ్డు వేయండి.

ఎందుకంటే, గేటు పక్కన రేకులు వేస్తే బోరు నెత్తిన కప్పు వస్తుంది. రేపు మోటారు చెడిపోయి పైపులు పైకి లాగాలన్నా, బోరు ఫ్లషింగ్ చేయించాలన్నా పైన ఖాళీ ఉండాల్సిందే, అప్పుడు రేకులు విప్పాలి. ఈశాన్యంలో బరువు పెట్టకూడదు, పిల్లర్లు లేపకూడదు అని మీ మామయ్య గారు ఎలాగూ ఒప్పుకోరు, ఆ విషయంలో ఆయన మాటా నా మాటా ఒకటే. ఇంకోటి, హాలుకి పొద్దున వెలుతురు వచ్చేది కూడా ఆ మూల నుంచే కదా.

మరి వాయవ్యం చివరిదాకా ఎందుకు వద్దంటున్నానంటే, సెప్టిక్ ట్యాంకు మామూలుగా వచ్చేది అటే. దాని మీద కారు నిలబెడితే స్లాబు గట్టిగా వేయాలి, క్లీనింగ్ బండి పైపు వేయాలన్నప్పుడల్లా కారు తీయాలి, పైగా వాయవ్యం బెడ్‌రూమ్ కిటికీ కిందే ఇంజను పొగ. రోజూ అంత దూరం రివర్సులో రావడం కూడా చిన్న పనేం కాదు. మామయ్య గారికి నెమ్మదిగా చెప్పండి, కారు ఉత్తరం వైపే ఉంటుంది, ఈశాన్యం ఖాళీగా ఉంటుంది, మూతి వాయవ్యం వైపే ఉంటుంది అని, చాలావరకు ఒప్పుకుంటారు అనుకుంటున్నా.

ఇప్పుడు కొలతలు. తర్వాత కొనే పెద్ద కారు ఇన్నోవా క్రిస్టా అనుకుందాం, దాని పొడవు 4,735 మిల్లీమీటర్లు అంటే పదిహేనున్నర అడుగులు, వెడల్పు 1,830 అంటే ఆరడుగులు. అద్దాలు తెరిచి ఉంటే ఏడడుగుల దగ్గరికి వస్తుంది. మీ 11 అడుగుల్లో బోరు దగ్గర రెండున్నర పోయినా ఎనిమిదిన్నర ఉంటుంది, కారు దాటిపోతుంది, అక్కడ డోరు తెరిచే పని లేదు కాబట్టి సరిపోతుంది. కాకపోతే గేటుని బోరుకి ఎదురుగా పెట్టకండి, ప్రహరీ మూల నుంచి మూడడుగులు దక్షిణానికి జరిపి పదడుగుల గేటు పెట్టండి, తిన్నగా లోపలికి వచ్చేస్తుంది. మీది 30 అడుగుల రోడ్డు కాబట్టి పది చాలు, అదే 20 అడుగుల రోడ్డయితే పన్నెండు పెట్టమనేవాణ్ణి.

షెడ్డు కింద మాత్రం 11 అడుగులూ కావాలి. కారు ఆరు పోతే మిగిలేది ఐదు, అందులో మూడు ఇంటి వైపు, రెండు ప్రహరీ వైపు ఉంచండి. కారు మూతి లోపలికి పెట్టి ఆపితే ఎడమ డోర్లు ఇంటి వైపు వస్తాయి, పెద్దవాళ్ళు దిగేది ఎక్కువగా అటే కదా. హాల్లోకి పక్క తలుపు పెడితే మెట్లు కారు పక్కన రాకూడదు, కారు మూతి దాటాక రావాలి, లేకపోతే ఆ మూడడుగులు మెట్లకే పోయి డోరు సగమే తెరుచుకుంటుంది. ముగ్గు పోసిన రోజే మీకు తెలిసినవాళ్ళ పెద్ద కారు ఒకటి తెప్పించి ఆ గీతల మధ్య నిలబెట్టి, నాలుగు డోర్లూ తెరిచి, మీ అత్తయ్య గారిని ఎక్కి దిగమనండి. కాగితం మీద తెలియంది అక్కడ తెలుస్తుంది.

ఎత్తు సంగతి చాలామంది మర్చిపోతారు. ఇంటి బేస్‌మెంట్ రోడ్డుకి రెండున్నర అడుగులు లేపండి, మంచిదే, కానీ కారు నిలబడే చోటు అంత లేపితే ర్యాంపుకి స్థలం చాలదు. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం ఎనిమిది అడుగుల పొడవు కావాలి. కాబట్టి కారు చోటు రోడ్డుకి తొమ్మిది అంగుళాలు చాలు, ఆరడుగుల ర్యాంపు సరిపోతుంది, అది గేటు లోపలే రావాలి, మురుగు కాలవ మీద పోసి రోడ్డు మీదకి దించొద్దు దయచేసి. గేటు లోపలికి తెరుచుకునేదైతే ర్యాంపుకి తగులుతుంది, కాబట్టి పక్కకి జరిగే గేటు పెట్టించండి.

సంపు మీద చక్రాలు రోజూ తిరుగుతాయి. ఏడుగురు ఎక్కిన పెద్ద కారు రెండు టన్నులు దాటుతుంది. స్లాబు కనీసం ఆరంగుళాలు, రాడ్లు రెండు జాలీలు కట్టాలి, మీ ఇంజనీరుతో లెక్క వేయించండి, మేస్త్రి అంచనాకి వదలొద్దు. మూత రెండు చక్రాల బాటల మధ్యలోకి రావాలి.

ఉత్తరం వైపు ఎండ రాదు కదా కప్పెందుకు అని కొందరు అడుగుతారు. మన గుంటూరు దగ్గర మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, అంటే మండే ఎండల్లోనే ఇంటి నీడ కారుకి అందదు. కప్పు కావాలి. రేకు ఇంటి వైపు తొమ్మిదడుగుల ఎత్తులో మొదలై ప్రహరీ వైపు కొంచెం వాలాలి, చివర గట్టర్ మీ ప్రహరీ లోపలే ఉండి నీళ్ళు ఇంకుడు గుంతలోకి పోవాలి, పక్కింట్లోకి కారితే గొడవ ఖాయం. గాలి గురించి జాగ్రత్త, కోస్తాలో విజయవాడ దగ్గర డిజైనుకి తీసుకునే గాలి వేగమే సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు, హైదరాబాద్‌కైతే 44. గాలి కిందనుంచి దూరి రేకుని పైకి లేపుతుంది, అందుకే రేకుల్ని మోసే ఇనప పైపులు ప్రహరీ గోడ మీద నిలబెట్టకుండా విడిగా పునాది తీసి పాతించండి, ఇంటి వైపు పిల్లర్లలో కాంక్రీటు పోసేటప్పుడే ఇనప ప్లేట్లు వదలమని చెప్పండి. పైపులు షెడ్డు రెండు చివర్లే ఉండాలి, మధ్యలో ఒకటి పెడితే సరిగ్గా డ్రైవర్ డోరుకి తగులుతుంది.

ఇంకొక్కటి, రేపు కరెంటు కారు కొంటే? షెడ్డు గోడ దాకా మీటరు బోర్డు నుంచి అంగుళం పైపు ఇప్పుడే వేయించి వదిలేయండి. మామూలు 16 ఆంప్స్ ప్లగ్గుతో చార్జింగ్ నెమ్మదిగా ఎక్కుతుంది, గోడ చార్జర్ పెడితే 32 ఆంప్స్ లైను, విడిగా ఎర్తింగు కావాలి. ఈ షెడ్డుని మీ ఎల్‌టీపీకి, అంటే మీ ఇంటి ప్లాను గీసి అనుమతికి పెట్టే లైసెన్సున్న టెక్నికల్ మనిషికి చెప్పి ప్లానులోనే చూపించమనండి, సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ రూలు ప్రకారం వదలాల్సిన ఖాళీలో, ఏది వేయనిస్తారో అడిగి తేల్చుకున్నాకే వెల్డింగ్ వాళ్ళని పిలవండి.

ప్రశ్న: మాది 150 గజాలే సార్, మెట్ల కింద కారు పెట్టొచ్చా?

జవాబు: కారు మొత్తం పట్టదు, బానెట్ వరకు దూర్చొచ్చు. బానెట్ ఎత్తు సుమారు మూడున్నర అడుగులే, కానీ బ్యాటరీ మార్చాలన్నా వైపర్ నీళ్ళు పోయాలన్నా బానెట్ లేపాలి, అందుకని ఆ చోట మెట్ల అడుగుభాగం ఆరున్నర అడుగులు ఉండేలా చూసుకోండి. మెట్ల కింద కరెంటు మీటర్లు మాత్రం పెట్టించకండి, రీడింగ్ తీసే మనిషి లోపలికి వెళ్ళలేడు.