లాంగ్ రూట్ లారీ నాకు పడుతుందా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ట్రైలర్ శిక్షణలో చేరి మూడు వారాలైంది. రోడ్డు మీద బండి బాగానే నడుపుతున్నాను. రివర్స్ అనగానే చేతులు ఆడవు. నాతోపాటు చేరినవాళ్లు చకచకా గీతల మధ్య పెట్టేస్తున్నారు. నాకిది రాదేమో, ఇప్పుడే మానేస్తే మంచిదా?

జవాబు: రివర్స్ రాలేదన్న కారణంతో మానకండి. మూడు వారాలకు ట్రైలర్ చెప్పిన మాట వినకపోవడం మామూలే. ఇన్నాళ్లూ మీ చేతికి స్టీరింగ్ ఎటు తిప్పితే వెనక భాగం అటు పోవడం అలవాటు. ట్రైలర్‌కు మధ్యలో కీలు ఉంది కాబట్టి లెక్క తిరగబడుతుంది. వెనక భాగం ఎడమకు పోవాలంటే స్టీరింగ్ ముందు కుడికి తిప్పాలి. కావలసినంత వంపు పడగానే ఎడమకు తెచ్చి, ముందు బండిని ట్రైలర్ వెంట నడిపించాలి. కొత్తవాళ్లు దెబ్బతినేది ఈ రెండో సగంలోనే. వంపు కళ్లకు స్పష్టంగా కనిపించేదాకా ఆగి అప్పుడు తిప్పుతారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. ఇంకా వెనక్కి పోతే క్యాబిన్, ట్రైలర్ కత్తెరలా ముడుచుకుంటాయి, బ్రేకులకు గాలి పంపే గొట్టాలూ క్యాబిన్ వెనక భాగమూ దెబ్బతింటాయి.

చేయి స్టీరింగ్ అడుగు భాగాన పట్టుకుని చూడండి. ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటే జరపండి, కుడి ఎడమల తికమక చాలావరకు పోతుంది. తిన్నగా వెనక్కి వచ్చేటప్పుడు ఏ అద్దంలో ట్రైలర్ ఎక్కువగా కనిపించడం మొదలైతే స్టీరింగ్ ఆ వైపుకే కొద్దిగా తిప్పండి. కొద్దిగా అంటే పావు చుట్టు లోపే. వేగం నడక కన్నా తక్కువ ఉండాలి. తేడా వస్తే ముందుకు లాగి మళ్లీ మొదలుపెట్టండి, అందులో నామోషీ ఏమీ లేదు.

రివర్స్‌లో మీ గురించి తెలిసే విషయం వేరే ఉంది. వెనక ఏముందో కనిపించనప్పుడు బండి ఆపి దిగి చూస్తున్నారా, లేక నలుగురూ చూస్తున్నారని సిగ్గుపడి అలాగే వెనక్కి పోనిస్తున్నారా? మొదటి రకమైతే నైపుణ్యం కొన్ని నెలల్లో వస్తుంది. రెండో రకమైతే అద్దాల్లో కనిపించని స్తంభం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

ప్రశ్న: పగలు హుషారుగానే ఉంటాను. రాత్రి ట్రిప్పులో రెండు దాటాక రెప్పలు వాలిపోతున్నాయి. ‘అదే అలవాటవుతుంది’ అంటున్నారు సీనియర్లు. నిజమేనా?

జవాబు: పూర్తిగా నిజం కాదు. ఈ పని మీకు పడుతుందో లేదో తేల్చేది గేర్లూ రివర్సూ కాదు, నిద్రే అని మా అభిప్రాయం. తెల్లవారుజామున 2 నుంచి 6 దాకా శరీర గడియారం అందరినీ నిద్రవైపు లాగుతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత అదే కాస్త తక్కువగా ఉంటుంది. అనుభవం దీన్ని తీసేయదు, ముందే కనిపెట్టి బండి పక్కకు పెట్టడం నేర్పుతుంది, అంతే. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్నవాడి చేతులూ చూపూ కాస్త మద్యం తాగినవాడి స్థాయికి పడిపోతాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతాం. మూడు సెకన్లు కన్ను మూతపడితే 66 మీటర్లు బండిని ఎవరూ నడపనట్టే.

పదేపదే ఆవలింతలు రావడం, బోర్డు దాటిపోయాక గుర్తించడం, చక్రం గీత మీదికి పోవడం, గడిచిన కొన్ని కిలోమీటర్లు అసలు గుర్తులేకపోవడం: వీటిలో ఏది కనిపించినా తర్వాతి సురక్షితమైన చోట ఆపాలి. అద్దం దించడం, పాటలు పెంచడం కొద్ది నిమిషాలే పనిచేస్తాయి. 20 నిమిషాల కునుకు అంతకన్నా చాలా మేలు. కాఫీ ఒంటికి పట్టడానికి అరగంట దాకా పడుతుంది కాబట్టి తాగి పడుకోవచ్చు. లేవగానే స్టీరింగ్ పట్టకండి, పావుగంట మత్తు ఉంటుంది.

రెండు వారాలు ఒక పుస్తకంలో రాయండి: ఎప్పుడు పడుకున్నారు, ఎన్ని గంటలు, ఇంట్లోనా క్యాబిన్‌లోనా, మగత ఏ సమయంలో వచ్చింది. ఏడు గంటలు నిద్రపోయి కూడా మగతగా ఉంటే, గట్టిగా గురకపెడతారని ఇంట్లోవాళ్లు అంటుంటే, డాక్టరుకు చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బుకు చికిత్స ఉంది. అలాంటిదేమీ లేకుండా, కిటికీలకు తెర వేసినా చెవుల్లో దూది పెట్టినా పగటిపూట క్యాబిన్‌లో నిద్రే పట్టకపోతే, లారీ వదలనక్కర్లేదు. సాయంత్రానికి ఇల్లు చేరే రూట్లు చూసుకోండి. ఇక గంటల హద్దుల సంగతి: యూరప్‌లో నాలుగున్నర గంటల డ్రైవింగ్‌కు 45 నిమిషాల విరామం తప్పనిసరి. అమెరికాలో 10 గంటల విశ్రాంతి తర్వాత 11 గంటలకు మించి నడపకూడదు. అవి గరిష్ఠ పరిమితులు. అన్ని గంటలూ నడిపి తీరాలని వాటి అర్థం కాదు.

ప్రశ్న: లోడుతో కొండ దిగాలంటే గుండె దడ. ఇంత భయం ఉన్నవాడు డ్రైవర్ కాగలడా?

జవాబు: భయం మిమ్మల్ని పైనే గేరు తగ్గించేలా చేస్తే కాగలరు. దిగడం మొదలయ్యాక గేరు కోసం తడుముకుంటే ప్రమాదం. లోడు తోసేస్తుంటే కింది గేరు పడకపోవచ్చు, న్యూట్రల్‌లో చిక్కుకుంటారు. పైనే ఆగేంత నెమ్మదించి కింది గేరు వేసుకుని, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిన్ పొగ దారిని మూసి బండిని నెమ్మదింపజేసేది) పెట్టుకుని దిగాలి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచితే డ్రమ్ములు వేడెక్కి బ్రేకు పట్టు సడలుతుంది. ఎంత వేగం మించకూడదో ముందే అనుకోండి. అది తాకగానే గట్టిగా నొక్కి ఏడెనిమిది కిలోమీటర్లు తగ్గించి పూర్తిగా వదలండి. మళ్లీ తాకితే మళ్లీ అంతే. బ్రేకుల గాలి మీటరు మీద ఓ కన్ను ఉంచండి. గాలి సుమారు 4 బార్‌కు పడితే హెచ్చరిక మోగుతుంది. అప్పటికీ ఆపకపోతే, గాలి తగ్గితే స్ప్రింగ్ బలంతో పట్టే స్ప్రింగ్ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి, అదీ మీరు కోరుకోని చోట. ఖాళీ ట్రైలర్‌తో తడి రోడ్డు మీద మాత్రం ఎగ్జాస్ట్ బ్రేకు వాడకండి. ముందు బండి వెనక చక్రాలు జారతాయి.

దడ ఎంతకీ తగ్గక చేతులు బిగుసుకుపోయి, ట్రైనర్ మాట కూడా చెవికెక్కకపోతే ఆ సంగతి ఆయనకు దాచకుండా చెప్పండి. తక్కువ వాలున్న చోట మళ్లీ మొదలుపెడతారు.

ప్రశ్న: మా ఆయన శిక్షణ ముగించబోతున్నారు. ఇద్దరు చిన్నపిల్లలు. ఉద్యోగానికి ఒప్పుకునే ముందు ఏమేం అడగమంటారు?

జవాబు: జీతం కిలోమీటరుకా, ట్రిప్పుకా, నెలకా? లోడింగ్ దగ్గర ఆగిన గంటలకు ఏమైనా ఇస్తారా? కిలోమీటరు లెక్క పెద్దదిగా కనిపించి మోసం చేసేది ఇక్కడే. గేటు దగ్గర పోయిన పూటకు కిలోమీటర్లు ఉండవు. వరుసగా ఎన్ని రాత్రులు బయట? తాడు, టార్పాలిన్, పంక్చరు ఎవరి బాధ్యత? నిద్ర వస్తోందని బండి ఆపితే యజమాని ఏమంటారు? ఈ చివరి దానికి జవాబు నసిగితే ఇంకో చోట చూడమనండి. ఇక మీ ఇద్దరి మధ్య: ఫోన్ ఎప్పుడు చేయాలో వేళ పెట్టుకోండి, బండి నడుస్తుండగా మాత్రం వద్దు.

ప్రశ్న: వారానికే నడుము పట్టేసింది. సీటు లోపమా, నా లోపమా?

జవాబు: ముందు సీటు చూడండి. క్లచ్ పూర్తిగా నొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి, నడుము కింది భాగం వెనక్కి ఆనాలి. గాలి సీటైతే మీ బరువుకు సరిచేయండి. కింద తగిలేంత మెత్తగా ఉంటే ప్రతి గతుకూ వెన్నుకే. రెండు గంటలకోసారి దిగి టైర్లు, కట్లు చూస్తూ బండి చుట్టూ నడవండి. క్యాబిన్ నుంచి దూకకండి, లోపలికి తిరిగి రెండు చేతులూ ఒక కాలూ ఆనించి దిగండి. నొప్పి కాలి కిందికి పాకుతున్నా, తిమ్మిరిగా ఉన్నా సీటుతో కాలయాపన చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.