మీటరు బిగించారంటే వైరింగ్ బాగున్నట్టేనా?

ప్రశ్న: వాణిజ్య సముదాయంలో మొదటి అంతస్తు అద్దెకు తీసుకుని ఆఫీసు నడుపుతున్నాను. కొత్త భవనమే. రెండు ఏసీలూ వేస్తే గోడ బోర్డులోంచి కాలిన వాసన వస్తోంది. ఎలక్ట్రీషియన్ విప్పి చూసి, ఫోర్ స్క్వేర్ ఎంఎం వైరు వేయాల్సిన చోట ఒకటిన్నరది లాగారని, ఎర్త్ అసలు కలపలేదని చెప్పాడు. ఓనర్ని అడిగితే, "కరెంటువాళ్లు మీటరిచ్చారు కదా, కావాలంటే మీ ఖర్చుతో మార్పించుకోండి" అంటున్నారు. అద్దె ఆపేయవచ్చా?

జవాబు: అద్దె ఆపకండి. బకాయి పడితే మిమ్మల్ని ఖాళీ చేయించడానికి ఓనర్‌కి మీరే దారి చూపినట్టవుతుంది. ముందు ఆ లైన్ల ఎంసీబీలు (లోడు ఎక్కువైతే తమంతట తామే పడిపోయి కరెంటు ఆపే స్విచ్చులు) దించి, కరెంటు ఆపేయండి. తీగలు మాత్రం పీకించకండి. చాలామంది భయంతో రాత్రికి రాత్రి వైరింగ్ మార్పించేసి, బిల్లు పట్టుకుని మా దగ్గరికి వస్తారు. పాత తీగ అప్పటికే తుక్కు కొట్టుకి వెళ్లిపోయి ఉంటుంది. ఇక కోర్టుకి ఏం చూపిస్తాం?

తీగ మీద అచ్చయిన సైజు, దానికి కలిపిన ఎంసీబీ మీది అంకె ఒకే ఫొటోలో పడేలా తీయండి. ఒకటిన్నర తీగకి 32 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే అది పడేలోపే తీగ మాడుతుంది. లైసెన్సున్న కాంట్రాక్టరుతో మెగ్గర్ (తీగ పైపొర బాగుందో లేదో చూసేది), ఎర్త్ పరీక్షలు చేయించి, సంతకంతో రిపోర్టు తీసుకోండి. విద్యుత్ చట్టం, 2003లోని 162వ సెక్షన్ కింద నియమితులైన ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

మీటరు వాదన నిలబడదు. కనెక్షన్ ఇచ్చేది వైరింగ్ వేసిన కాంట్రాక్టరు ఇచ్చిన టెస్ట్ రిపోర్టును నమ్మి. గోడలు తవ్వి ఎవరూ చూడరు. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నుంచి ఆ రిపోర్టు నకలు అడగండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందని అందులో రాసి ఉంటే ఓనర్ మాట ఓనర్‌కే తిరగబడుతుంది.

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ మీకు పనికొస్తుంది. తనకు తెలిసిన, మామూలుగా చూస్తే మీకు కనబడని ముఖ్యమైన లోపాన్ని యజమాని చెప్పి తీరాలి. తాను చేయాల్సిన మరమ్మతును నోటీసిచ్చినా తగిన గడువులో చేయకపోతే, మీరు చేయించి ఖర్చును వడ్డీతో అద్దెలో మినహాయించుకోవచ్చు. చిక్కంతా "చేయాల్సిన" అన్న మాటలోనే ఉంది. లీజు పత్రంలో "మరమ్మతులు అద్దెదారువే" అని ఉంటే ఆయన దాన్నే పట్టుకుంటారు. ఆ షరతు పాడైన స్విచ్చులకే గాని, మొదట్నుంచీ తప్పుగా వేసిన తీగలకి వర్తించదన్నది నా వాదన. అవతలి లాయరు ఊరుకోడనుకోండి.

వినియోగదారుల కమిషన్‌ని నమ్ముకోకండి, వ్యాపార అవసరమంటూ అక్కడే అడ్డు తగులుతుంది. వైరింగ్ వేసిన కాంట్రాక్టరుతో మీకు ఒప్పందం లేదు, అతని సంగతి ఓనర్ చూసుకోవాలి.

ఇంకోటి. ప్రమాదముందని మీకిప్పుడు తెలుసు. తెలిసీ ఆ లైన్లు వాడి ఉద్యోగికి ఏదైనా అయితే నిర్లక్ష్యం కేసు మీ మీదకీ రావచ్చు. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో జరిగిన అగ్నిప్రమాదంలో 59 మంది పోయారు. ఆ ఉదయం ట్రాన్స్‌ఫార్మర్ కేబుల్‌ సాకెట్‌ని క్రింపింగ్ యంత్రంతో (సాకెట్‌ని తీగకి గట్టిగా నొక్కి బిగించేది) కాక సుత్తితో కొట్టి బిగించారు. శిక్ష విద్యుత్ సిబ్బందికే కాదు, హాలు యజమానులకీ పడింది.

పదిహేను రోజుల గడువుతో ఓనర్‌కి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఇన్‌స్పెక్టర్ చూసి వెళ్లాకే వైరింగ్ మార్పించండి. తీసిన తీగలో మూరెడు ముక్క, ఆ ఎంసీబీ కవర్లో వేసి దాచండి.