వానకి తడిసి బూజు పట్టిన మొక్కజొన్న: కడిగి ఎండబెడితే పనికొస్తుందా?

మీరు అడిగింది ఇది: శ్రీకాకుళం జిల్లా లావేరు దగ్గర రబీ మొక్కజొన్న కల్లంలో ఉండగా గాలివానకి తడిసింది, రెండు రోజులు బరకం కిందే ఉండిపోయింది. విప్పి చూస్తే అక్కడక్కడా గింజల మీద పచ్చటి బూజు. కడిగి, బాగా ఎండబెట్టి మంచివి అమ్మేసి, మిగతావి గేదెకీ కోళ్ళకీ పెట్టొచ్చా, ఇంట్లోకి రవ్వ ఆడించుకోవచ్చా అని.

బూజు పట్టిన గింజ మనిషికీ వద్దు, పశువుకీ వద్దు. కడిగితే పోయేది పైన కనబడే పొడి మాత్రమే. ఎండ ఆ బూజుని ఎదగనివ్వదు గానీ, అప్పటికే గింజలోకి దిగిన విషాన్ని తీయలేదు. ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. ఉడికించినా పోదు, గింజని వేయించినా కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. అది విరిగిపోవాలంటే 230 డిగ్రీలు దాటిన వేడి కావాలి, మన పొయ్యి మీద ఉడికే జావ 100 దగ్గరే ఆగిపోతుంది.

ఇది చిన్న విషయం అనుకోకండి. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో ఇలాగే అకాల వానలకి తడిసిన మొక్కజొన్న తిని కామెర్లతో వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పరిశీలించి చెప్పిన కారణం ఈ విషమే. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి లోపలికి పోతే కాలేయ క్యాన్సర్‌కి దారి తీస్తుంది.

బూజు రంగు చూస్తే కొంత తెలుస్తుంది. పెసర రంగులో, పసుపు కలిసిన పచ్చ పొడిలా ఉంటే అది ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, అఫ్లాటాక్సిన్ చేసేది అదే. మొలక భాగం దగ్గర నీలి పచ్చగా ఉంటే పెనిసిలియం. తెల్లగా, గులాబీ ఛాయలో ఉంటే ఫ్యూజేరియం. దాని విషం వేరు, అదీ మంచిది కాదు. మసిలా నల్లగా ఉండేది ఇంకో రకం. రంగుని బట్టి ‘ఇది పర్వాలేదు’ అని మాత్రం తేల్చకండి, ఒకే కుప్పలో ఇవన్నీ కలిసి ఉండొచ్చు. పైకి శుభ్రంగా కనబడే గింజలో కూడా విషం ఉండొచ్చు.

ఇప్పుడు మీ కుప్ప సంగతి. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని మొదలుపెట్టండి, ఆ పొడి పీల్చకూడదు. కుప్పలో మోచేయి దాకా చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలినచోట, గింజలు ఉండకట్టినచోట, ముక్కిన వాసన వచ్చినచోట ఉన్నది మొత్తం ముందు పక్కకి లాగేయండి. పొడిగా ఉన్నదాన్ని తడిదాంతో కలపకండి. కలిపితే సగటు తేమ తగ్గుతుంది అనిపిస్తుంది గానీ, తడి గింజ నుంచి పొడి గింజకి తేమ పాకి మొత్తం కుప్ప బూజుకి తయారవుతుంది. కొన్ని బస్తాలు కాపాడబోయి అన్నీ పోగొట్టుకునేది ఇక్కడే.

బాగున్న భాగాన్ని ఎండబెట్టాక 4 నుంచి 5 మిల్లీమీటర్ల కన్నాలున్న జల్లెడ పట్టండి. చితికిన గింజ, నూక, దుమ్ము కిందికి పోతాయి. విషం ఎక్కువగా పేరుకునేది విరిగిన గింజల్లోనే, పై తొక్క పగిలితే బూజుకి తలుపు తీసినట్టే. తర్వాత చేటతో చెరిగి తేలిక గింజలు తీసేయండి. ఆ తర్వాత తెల్ల గుడ్డ మీద పోసి, రంగు మారినవి, ముడుచుకున్నవి, పురుగు తొలిచినవి చేత్తో ఏరండి. ఇంట్లోకి వాడేవైతే వండేముందు నీళ్ళలో పోసి తేలినవి పారేయండి. ఈ పనులన్నీ చేస్తే విషం చాలావరకు తగ్గుతుంది, సున్నా అవదు. కాబట్టి ఈ కుప్పలోంచి చంటిపిల్లలకి, గర్భిణులకి జావ కాయకండి.

ఏరడం ఎందుకింత పని చేస్తుందో లెక్కతో చెబుతాను. మన దేశంలో ఆహార భద్రత ప్రమాణం ప్రకారం ధాన్యాల్లో ఈ విషం కిలోకి 15 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు) మించకూడదు. అంటే టన్ను గింజలకి 15 మిల్లీగ్రాములు, ఒక్క మొక్కజొన్న గింజ బరువులో సుమారు ఇరవయ్యో వంతు. పాడైన ఒక్కో గింజలో కిలోకి 4 లక్షల మైక్రోగ్రాముల స్థాయి కూడా నమోదైంది. అలాంటి గింజ ఒక్కటి ఐదు కిలోల్లో పడితే, మిగతావన్నీ మంచివైనా, ఆ ఐదు కిలోలు ప్రమాణం దాటిపోతాయి. విషం కుప్పంతా సమానంగా పరుచుకోదు, కొద్ది గింజల్లో గూడు కట్టుకుంటుంది.

పరీక్షకి పంపాలన్నా ఇదే చిక్కు. పైనుంచి గుప్పెడు తీసి ఇస్తే ‘ఏమీ లేదు’ అని రావచ్చు, పక్క గుప్పెడులో భయంకరంగా ఉండొచ్చు. కుప్పలో పాతిక ముప్పై చోట్ల, పైనా లోపలా అడుగునా తీసి, కనీసం ఐదు కిలోలు చేసి, మొత్తం పిండి పట్టించి కలిపి, అందులోంచి పంపాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ వాళ్ళు ఈ విషాన్ని కొలవడానికి తక్కువ ఖర్చుతో అయ్యే ఎలైసా అనే ల్యాబ్ పరీక్ష తయారుచేశారు. దగ్గర్లో ఎక్కడ చేస్తారో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. నల్ల లైటు (అతినీలలోహిత కాంతి దీపం) కింద పచ్చపసుపుగా మెరిసే గింజలు అనుమానించదగ్గవే, కానీ మెరవకపోతే విషం లేదని కాదు.

గేదె విషయంలో గట్టిగా చెబుతున్నాను, పాలిచ్చే గేదెకి అసలు పెట్టొద్దు. మేతలో పోయిన విషంలో ఒకటి రెండు శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, రూపం మారి ఒక రోజు లోపే పాలలోకి వస్తుంది. కాచినా, తోడుపెట్టినా పోదు. పాలకి ప్రమాణం కిలోకి అర మైక్రోగ్రామే. పొరపాటున ఇప్పటికే పెట్టేసి ఉంటే వెంటనే ఆపండి. మూడు నాలుగు రోజుల్లో పాలు శుభ్రపడతాయి, అప్పటిదాకా ఆ పాలు పిల్లలకి పొయ్యకండి. వేరుశనగ చెక్క బూజు పట్టినా సంగతి ఇదే. నూనె తీసినప్పుడు విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది.

కోళ్ళలో పిల్లలు, అంతకన్నా బాతులు తొందరగా దెబ్బతింటాయి. పెద్ద కోళ్ళు చావకపోయినా గుడ్లు తగ్గుతాయి, వేసిన టీకా సరిగ్గా పట్టదు. మేతలో కలిపే బంకమట్టి పొడులు విషాన్ని కొంత పట్టి ఉంచుతాయి, కానీ కంటికి బూజు కనబడే గింజకి అది మందు కాదు.

వచ్చే పంటకి అన్నిటికన్నా ముఖ్యం మొదటి మూడు నాలుగు రోజులు. గింజ పూర్తిగా పండి మొనలో నల్ల పొర కట్టినప్పుడు తేమ 30 శాతం పైనే ఉంటుంది. 18 దాటి ఉండగా మిషన్‌లో ఒలిపిస్తే గింజ చితుకుతుంది. కాబట్టి పొత్తులుగానే ఆరనివ్వండి, పొత్తుల మధ్య గాలి ఆడుతుంది. ఒలిచాక రెండు అంగుళాల మందానికి మించి పరవకండి. 50 క్వింటాళ్ళకి ఆ మందంలో 30 అడుగులు బై 50 అడుగుల బరకం కావాలి. అంత చోటు లేకనే చాలామంది మందంగా పోసేస్తారు, పైన గలగలలాడుతుంది, అడుగున చెమ్మ నిలిచిపోతుంది. గంటకోసారి కలియబెట్టాలి.

మనది సముద్రానికి దగ్గర, సాయంత్రం గాలిలోనే తేమ. పగలు ఆరిన గింజ రాత్రికి మళ్ళీ తేమ పీల్చుకుంటుంది. మంచు దిగకముందే పోగుచేసి కప్పండి, పొద్దున్న నేల ఆరాకే విప్పండి. వేడి గింజని గాలి చొరకుండా మూస్తే బరకం లోపల చెమట పట్టి పై పొర తడుస్తుంది. మీ కుప్పలో జరిగింది వాన తడి ఒక్కటే కాదు, ఆ చెమట కూడా. వాన ఆగిన గంటకే బరకం పక్కలు ఎత్తి గాలి ఆడనివ్వాలి. కుప్ప చుట్టూ జానెడు కాలువ తీయాలి. రోడ్డు మీద ఆరబోస్తే తొందరగా ఎండుతుంది గానీ, బండ్లు తొక్కి గింజ చితుకుతుంది, నాణ్యత అక్కడే పోతుంది.

తేమ కొలిచే మీటరు లేకపోతే ఉప్పుతో చూడొచ్చు. బాగా పొడిగా ఉన్న సీసాలో మూడో వంతు గింజలు పోసి, రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి, నిమిషం గట్టిగా ఆడించి పావుగంట వదిలేయండి. ఉప్పు సీసా గోడకి అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టే. అంటుకోకపోతే అమ్మకానికి దగ్గరపడింది, నిల్వకి మాత్రం ఇంకో రెండు ఎండలు కావాలి, 13కి దిగాలి. 20 శాతం తేమ ఉన్న క్వింటా 13కి వచ్చేసరికి 92 కిలోలవుతుంది. ఆ ఎనిమిది కిలోలు నీళ్ళే. తూకం తగ్గుతుందని ముందే బస్తా కుట్టేయడం వల్లే బూజు వస్తుంది.

సంచుల్ని చల్లారిన గింజతోనే నింపండి, నేలకి అర అడుగు ఎత్తున చెక్కల మీద, గోడకి దూరంగా పెట్టండి. గాలి చొరని మూడు పొరల సంచులు పురుగుకి చాలా బాగా పనిచేస్తాయి, కానీ తడి గింజ అందులో పులుస్తుంది. పురుగుకి పెట్టే బిళ్ళలు బూజుని చంపవు, అవి ఇంట్లో పెడితే మనుషుల ప్రాణాలకే ముప్పు.

చేనులో కూడా ఒక మాట. పీచు వచ్చినప్పటి నుంచి గింజ నిండేదాకా నీటి ఎద్దడి రాకుండా చూడండి, కత్తెర పురుగుని పొత్తు దాకా రానివ్వకండి. ఎండకి అలసిన మొక్క మీద, పురుగు చేసిన కన్నంలోంచి ఈ బూజు కోతకి ముందే లోపలికి చేరుతుంది.

మీరు పక్కకి తీసిన గింజల్ని పెంటపోగులో వెయ్యకండి, కోళ్ళు గీరి తినేస్తాయి. బావికి దూరంగా రెండు అడుగుల గోతిలో పాతి మట్టి కప్పేయండి.