వేదిక మీది ఆజ్ఞ ఎందుకు నొప్పించదు?

ప్రశ్న: సభల్లో వక్తలు “లేవండి, కదలండి” అని శాసిస్తున్నా జనం నొచ్చుకోరు సరికదా, చప్పట్లు కొడతారు. అదే మాట ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరైనా అంటే చిర్రెత్తుకొస్తుంది. ఎందుకిలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అసలు కారణం అధికారంలో ఉంది. ఆజ్ఞ, విన్నపం, సలహా, పిలుపు వంటివి ఎదుటివారి చేత ఏదో ఒకటి చేయించడానికి వాడే మాటలు. అమెరికన్ తత్వవేత్త జాన్ సెర్ల్ వీటన్నింటినీ ఒకే వర్గంలో చేర్చారు. ఎంత గట్టిగా అన్నారు, అలా అనే హక్కు వారికి ఉందా అన్నదాన్నిబట్టే వీటి మధ్య తేడా ఏర్పడుతుంది. పై అధికారికి ఆ హక్కు ఉండబట్టే ఆయన మాట ఒత్తిడిగా తోస్తుంది. సభలో ఉన్నవారు మాత్రం నచ్చకపోతే లేచి వెళ్లిపోగలరు. ఆ సంగతి వక్తకూ తెలుసు కనుక, తాను చెప్పేది వారి సొంత నిర్ణయంలా వినిపించేటట్లు మాట్లాడక తప్పదు.

1942 ఆగస్టు 8న బొంబాయిలో గాంధీజీ “చేయండి లేదా చావండి” అన్నారు. ఇంతకు మించిన కఠినమైన ఆదేశం ఉండదు. అయితే ఆ వెంటనే, దేశాన్ని విడిపిస్తాం లేదా ఆ ప్రయత్నంలో ప్రాణాలు విడుస్తాం అన్న అర్థం వచ్చేటట్లు తనను కూడా అందులో కలుపుకున్నారు. అంతేకాదు, ప్రభుత్వోద్యోగులు అప్పటికప్పుడు రాజీనామా చేయనక్కర్లేదని, తాము కాంగ్రెస్ పక్షమని బాహాటంగా ప్రకటిస్తే చాలని, సైనికులు సొంత ప్రజలపై కాల్పులు జరపబోమని చెప్పాలని ఎవరి పని వారికి విడివిడిగా అప్పగించారు. నా దృష్టిలో ఆ ప్రసంగపు బలం నినాదంలో కంటే ఈ పంపకంలోనే ఎక్కువగా ఉంది. దేశం మీకేం చేస్తుందని కాక, దేశానికి మీరేం చేయగలరో అడగండి అని 1961 జనవరిలో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఇచ్చిన పిలుపు వినసొంపైనదే కానీ, మర్నాడు ఏం చేయాలో ఆ వాక్యం చెప్పదు.

ప్రశ్న: ఇలాంటి మాటల ఊపులో కొట్టుకుపోకుండా ఉండటం ఎలా?
– మరో పాఠకుడు

జవాబు: “త్యాగాలు చేయవలసి ఉంటుంది” అన్నప్పుడు ఆ త్యాగం ఎవరిదో గమనించండి, చాలాసార్లు వాక్యంలో కర్త కనిపించడు. “ఇంకా ఎంతకాలం ఊరుకుంటారు?” అన్నది పైకి ప్రశ్నే అయినా లోపల ఆజ్ఞే, పైగా ఇప్పటిదాకా మీరు ఊరుకున్నారన్న నింద కూడా అందులో దాగి ఉంటుంది. “కదలండి” అంటున్న వ్యక్తి “కదులుదాం” అనగలరా, అన్నాక తాను ముందుంటారా అన్నది కూడా చూడవలసిందే. ఇక “ఈ క్షణమే” అని తొందరపెడితే, రేపటికి వాయిదా వేస్తే నిజంగా ఏం పోతుందో ఆ వక్తనే అడగండి.