గుర్తింపు కార్డు లేకుండా విమానం ఎక్కనిస్తారా?

ప్రశ్న: మావారు రేపు పొద్దున్నే విశాఖ నుంచి హైదరాబాదు వెళ్లాలి. ఇవాళ ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర పర్సు పోయింది. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు అన్నీ అందులోనే ఉన్నాయి. టికెట్టు ఫోన్లో ఉంది. పోలీసు ఫిర్యాదు రసీదు, ఆధార్ జెరాక్సు చూపిస్తే లోపలికి పంపిస్తారా?
– గాజువాక పాఠకురాలు

జవాబు: పంపించరు. ఆ రెండు కాగితాలను నమ్ముకుని ఎయిర్‌పోర్టుకు బయల్దేరవద్దు. టెర్మినల్ గుమ్మం దగ్గర కేంద్ర భద్రతా దళం సీఐఎస్‌ఎఫ్ సిబ్బంది టికెట్టు మీది పేరును, ఫొటో ఉన్న అసలు గుర్తింపు పత్రాన్ని పోల్చి చూస్తారు. ఏ పత్రాలు చెల్లుతాయో పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ జాబితా ఇచ్చింది. ఫిర్యాదు రసీదు ఆ జాబితాలో లేదు. జెరాక్సునూ, వాట్సాప్‌లో తెప్పించుకున్న ఆధార్ ఫొటోనూ ఎవరైనా మార్చేయగలరు కాబట్టి ఒప్పుకోరు. అక్కడ నిలబడ్డ జవానుకు సడలించే అధికారం లేదు. ఎంత బతిమాలినా సమయమే పోతుంది.

ఫోన్ చేతిలో ఉంది కాబట్టి దారి ఉంది, కానీ ఆ పని ఈ రాత్రే కావాలి. ప్రభుత్వ పత్రాలు ఫోన్లో ఉంచుకునే డిజీలాకర్ యాప్ వేసుకుని, ఆధార్‌కు లింకైన నంబరుకు వచ్చే ఓటీపీతో లాగిన్ అవ్వమనండి. ‘ఇష్యూడ్ డాక్యుమెంట్స్’ విభాగంలోకి ఆధార్ తెచ్చుకోవాలి. లైసెన్సు నంబరు తెలిస్తే అదీ వస్తుంది. మీరే స్కాన్ తీసి అప్‌లోడ్ చేసిన కాపీకి ఆ విలువ లేదు, సంబంధిత శాఖ నుంచి నేరుగా వచ్చిన పత్రమే చెల్లుతుంది. ఆధార్ సంస్థ యాప్ ఎం-ఆధార్ కూడా జాబితాలో ఉంది. గుమ్మం దగ్గర స్క్రీన్‌షాట్ కాకుండా యాప్ తెరిచి చూపించాలి. ఛార్జింగ్ నిండా ఉంచుకోవాలి.

చాలామందికి చిక్కు వచ్చేది ఓటీపీ దగ్గర. ఆధార్‌కు ఇచ్చిన పాత నంబరు ఎప్పుడో మూలపడి ఉంటుంది. అప్పుడు బీరువా వెతకండి. పాస్‌పోర్టు, ఓటరు కార్డు, ఉద్యోగి ఫొటో గుర్తింపు కార్డు, పింఛనుదారు ఫొటో కార్డు, ధ్రువీకరించిన ఫొటో అంటించిన జాతీయ బ్యాంకు పాసుబుక్కు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. ఆధార్ ఒక్కటే చెల్లుతుందన్న అపోహతో స్టీల్‌ప్లాంటు, పోర్టు, డాక్‌యార్డు ఉద్యోగులు సైతం జేబులో కార్డు పెట్టుకుని కంగారు పడుతుంటారు.

అవీ లేకపోతే ఆధార్ సేవా కేంద్రానికి మీవారినే పంపండి. వేలిముద్రతో వివరాలు వెతికి ప్రింటు ఇచ్చే సేవ అక్కడ ఉంది. చివరి మార్గం గ్రూప్-ఏ గెజిటెడ్ అధికారి తన లెటర్‌హెడ్ మీద, ఫొటోను ధ్రువీకరిస్తూ ఇచ్చే పత్రం. ఈ రెండూ ఆఫీసు వేళల్లో అయ్యే పనులు. తెల్లవారుజాము విమానమైతే టికెట్టు తేదీ మార్చుకోవడమే నయం, అదీ ఎయిర్‌లైన్ పెట్టిన గడువులోపే. మార్చుకోకుండా విమానం తప్పిపోయినా పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుములు వాపసు అడిగే హక్కు ఉంది. అడక్కుండా వదిలేసేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: టికెట్టులో ‘రమణమూర్తి జి’ అని ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆపేస్తారా?
– అనకాపల్లి పాఠకుడు

జవాబు: ఇంటిపేరు పొడి అక్షరాలతో ఉన్నంత మాత్రాన మనిషి మారిపోడు కాబట్టి సాధారణంగా ఆపరు. పేరే వేరుగా ఉన్నా, స్పెల్లింగు బాగా తేడాగా ఉన్నా ముందే ఎయిర్‌లైన్‌తో దిద్దించుకోండి. ఎయిర్‌లైన్ వెబ్‌సైటులోనే కొన్న టికెట్టయితే, 24 గంటల్లోపు చెబితే అదే వ్యక్తి పేరులో తప్పు దిద్దడానికి అదనంగా వసూలు చేయకూడదు. ముఖం గుర్తించి గేటు తెరిచే డిజీయాత్ర యాప్ వాడేవాళ్లు మాత్రం టికెట్టులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించుకోవాలి. యంత్రం పొడి అక్షరాలను అర్థం చేసుకోదు, గేటు తెరుచుకోదు. విశాఖలో 2024 సెప్టెంబరు నుంచి ఈ సదుపాయం ఉంది. ముఖం చూసి పంపినా అసలు కార్డు జేబులో ఉండాల్సిందే. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కినా నిబంధనలు ఇవే.

ప్రశ్న: ఆరేళ్ల మనవణ్ని నేనే తీసుకెళ్తున్నాను. పిల్లలకు కార్డు అక్కర్లేదంటున్నారు కదా?
– మధురవాడ నుంచి ఒక అమ్మమ్మ

జవాబు: ఆ మినహాయింపు, గుర్తింపు కార్డు ఉన్న తల్లి గానీ తండ్రి గానీ పక్కనుంటేనేనమ్మా. మీతో వస్తున్నాడు కాబట్టి బాబు ఆధార్ అసలుది పెట్టుకోండి. రెండేళ్లలోపు పసివాళ్ల టికెట్టుకు వయసు రుజువుగా జనన ధ్రువపత్రం అడుగుతారు. రైల్లో ఒకే పీఎన్‌ఆర్ మీద ఒక్కరు కార్డు చూపిస్తే సరిపోతుంది. విమానానికి అలా కుదరదు, ఎవరిది వారికే.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ ఊరూరు విమానంలో తిప్పుతానంటున్నాడు. లోపలి ప్రయాణాలకు ఆధార్ చూపవచ్చా?
– సీతమ్మధార దంపతులు

జవాబు: ఆధార్ అక్కడ పనికిరాదు. మీ భారత పాస్‌పోర్టు చాలు, ప్రతి ప్రయాణానికీ వెంట ఉంచుకోండి. 2025 మే 7 నుంచి అక్కడ డ్రైవింగ్ లైసెన్సు చూపించేవాళ్లకు అది ‘రియల్ ఐడీ’ అనే అమెరికా భద్రతా ప్రమాణంలో ఉండాలి. సరైన కార్డు లేనివాళ్లు 2026 ఫిబ్రవరి 1 నుంచి 45 డాలర్లు కట్టి ‘కన్ఫర్మ్ ఐడీ’ పద్ధతిలో గుర్తింపు నిరూపించుకునే వీలుంది. ఆ రుసుం 10 రోజుల ప్రయాణానికి వర్తిస్తుంది. డబ్బు కట్టినా పంపిస్తామన్న హామీ లేదు. అక్కడి రికార్డుల్లో మీ వివరాలు దొరికితేనే తేల్చగలరు. చుట్టపుచూపుగా వెళ్లినవారికి అలాంటి రికార్డులు పెద్దగా ఉండవు. అందుకే పాస్‌పోర్టు అబ్బాయి ఇంట్లో మరిచిపోకండి.

ప్రశ్న: నాకు పేస్‌మేకర్ ఉంది. సంచిలో ఆవకాయ, కురిడీలు, పవర్‌బ్యాంకు ఉంటాయి. తనిఖీలో ఏమంటారు?
– భీమిలి పాఠకుడు

జవాబు: కురిడీలు ఇంట్లోనే వదిలేయండి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉంది కాబట్టి చేతి సంచిలోనూ లగేజీలోనూ నిషేధమే. ఆవకాయ, కారప్పొడి చేతి సంచిలో వద్దు. డబ్బాను రెండు పొరల కవర్లో బిగించి లగేజీలో వేయండి, నూనె కారితే పక్కవాళ్ల పెట్టెలూ పాడవుతాయి. పవర్‌బ్యాంకు మాత్రం దీనికి విరుద్ధంగా, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్‌అవర్ల లోపుది తీసుకెళ్లవచ్చు. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్‌అవర్లు. ఆ అంకె చెరిగిపోయిన పాతవాటిని తీసేసుకునే అవకాశం ఉంది. లగేజీలో పెడితే ఎక్స్‌రేలో కనిపించి మిమ్మల్ని వెనక్కి పిలుస్తారు.

పేస్‌మేకర్ సంగతి మెటల్ డిటెక్టర్ ద్వారం దాకా వెళ్లకముందే సిబ్బందికి చెప్పి, ఆ పరికరం కార్డు చూపించి, చేత్తో తడిమి తనిఖీ చేయమనండి. చేతి డిటెక్టర్‌ను ఛాతీ మీద ఆనించవద్దని గట్టిగానే చెప్పండి, మొహమాటపడవద్దు. ఈ తనిఖీకి కొంత ఎక్కువ సేపు పడుతుంది. చెక్-ఇన్ కౌంటరు సాధారణంగా విమానానికి 60 నిమిషాల ముందే మూసేస్తారు కాబట్టి రెండు గంటలు ముందుగా చేరుకోండి.